కాస్పియన్ చమురు, గ్యాస్ కోసం పెద్ద దేశాల పోటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

చమురు రాజకీయం అనగానే మనకు గల్ఫే గుర్తొస్తుంది. మన ఊళ్ల నుంచి అంతమంది అక్కడికి వెళ్లి పని చేస్తున్నారు కాబట్టి అది సహజమే. గల్ఫ్‌కి ఉత్తరాన, ఇరాన్ కొండలు దాటాక, ఇంకో చమురు ప్రాంతం ఉంది. దాని పేరు వార్తల్లో అప్పుడప్పుడు మెరిసి మాయమవుతుంది. బాకూ, కషగాన్, తాపీ, నోవొరోసీస్క్ లాంటి పేర్లు విని అసలు కథేంటో అర్థం కాక వదిలేసినవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

కాస్పియన్ ఎక్కడుంది? దాని చుట్టూ ఎవరెవరున్నారు?

యూరప్, ఆసియా కలిసే చోట ఉన్న పెద్ద ఉప్పునీటి మడుగు ఇది. విస్తీర్ణం దాదాపు 3.7 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అంత ఉండవు. ఉత్తరాన రష్యా, కజకిస్థాన్, తూర్పున తుర్క్‌మెనిస్థాన్, దక్షిణాన ఇరాన్, పడమర అజర్‌బైజాన్. 1991 దాకా ఇక్కడ రెండే దేశాలు, సోవియట్ యూనియన్, ఇరాన్. సోవియట్ కూలిపోగానే తీరంలో ఐదుగురు వాటాదారులు తేలారు.

గొడవంతా చమురు ఎవరిదన్న దాని మీదేనా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. బావులు ఎవరివో చాలావరకు తేలిపోయింది. తేలనిది, ఆ చమురు బయటకి ఏ దారిన వెళ్లాలన్నది.

సౌదీ అరేబియాకి రేవుంది. ట్యాంకర్‌లో నింపి నచ్చినవాడికి అమ్ముకోవచ్చు. కజకిస్థాన్, తుర్క్‌మెనిస్థాన్, అజర్‌బైజాన్‌లకు మహాసముద్రం లేదు. కాస్పియన్‌లో ఓడెక్కితే కాస్పియన్‌లోనే దిగాలి. వోల్గా, డాన్ నదుల్ని కలిపే కాలువ ఒకటి ఉన్నా అది రష్యా లోపలిది, పెద్ద ట్యాంకర్లు పట్టవు. కాబట్టి పైప్‌లైనే గతి. పైప్‌లైన్ ఎవరి నేల మీదుగా పోతే వాళ్లకి ట్రాన్సిట్ ఫీజు దక్కుతుంది, కోపమొచ్చినప్పుడు వాల్వు తిప్పే అవకాశమూ దక్కుతుంది. ట్యాంకర్‌ని దారి మళ్లించవచ్చు గానీ నేలలో పూడ్చిన గొట్టాన్ని మళ్లించలేం. ఒకసారి వేస్తే ముప్పై, నలభై ఏళ్ల సంబంధం అది.

సోవియట్ కాలంలో వేసిన పెద్ద లైన్లన్నీ ఉత్తరానికి, అంటే రష్యా వైపే పోయేవి. 1991 తర్వాత జరిగిందంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, మిగతావాళ్లు వేరే దిక్కులకు గొట్టాలు వేయాలని చూడటం, రష్యా ఆపాలని చూడటం.

అక్కడ నిజంగా ఎంత చమురుంది? ఒకప్పుడు ‘రెండో గల్ఫ్’ అన్నారు కదా?

1990ల్లో వాషింగ్టన్‌లో ఆ మాట బాగా నడిచింది. 20,000 కోట్ల బ్యారెళ్లు ఉండొచ్చని కూడా ప్రచారం చేశారు. తర్వాత తవ్వకాలు జరిగాక లెక్క దిగొచ్చింది. కాస్పియన్ పరీవాహక ప్రాంతాల్లో దాదాపు 4,800 కోట్ల బ్యారెళ్ల చమురు, 292 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉంటుందని అమెరికా ఇంధన సమాచార సంస్థ తర్వాత అంచనా కట్టింది. అది తక్కువేమీ కాదు. కానీ గల్ఫ్ కాదు. పెట్టుబడి రాబట్టుకోవడానికి అంకెలు పెంచి చెప్పడం చమురు వ్యాపారంలో మామూలే. ఈసారి వ్యాపారులకు దౌత్యవేత్తలు కూడా తోడయ్యారు, అంతే తేడా.

ఈ పోటీ ఎప్పటి నుంచి నడుస్తోంది?

చమురు వ్యాపారం పుట్టినప్పటి నుంచే అనుకోవచ్చు. అజర్‌బైజాన్ రాజధాని బాకూ దగ్గర బీబీ హేబత్‌లో 1846లోనే యంత్రంతో బావి తవ్వారు. 1873లో రాబర్ట్ నోబెల్ అనే స్వీడన్ ఆయన తుపాకీ మడమలకు వాల్‌నట్ కలప కొనడానికి ఆ వైపు వెళ్లాడు. కలప సంగతి వదిలేసి ఆ డబ్బుతో రిఫైనరీ కొన్నాడు. తమ్ముడు లుడ్విగ్ 1878లో ‘జొరాస్టర్’ అనే ఆయిల్ ట్యాంకర్ ఓడని నీళ్లలోకి దించాడు, మరుసటి ఏడాది అన్నదమ్ములు కంపెనీ పెట్టారు. బహుమతుల ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కీ అందులో వాటా ఉండేది. వెనకే యూరప్ బ్యాంకర్ల కుటుంబం రోత్‌షీల్డ్‌లు వచ్చారు. 1883లో బాకూ నుంచి నల్ల సముద్రం మీది బతూమికి రైలు మార్గం పూర్తయింది. 1901 ప్రాంతానికి ప్రపంచంలో తీసే చమురులో దాదాపు సగం బాకూదే.

ఆ తర్వాత ప్రతి పెద్ద యుద్ధమూ ఈ ఊరిని వెతుక్కుంటూ వచ్చింది. 1918లో బ్రిటిష్ సైన్యం బాకూ దాకా వచ్చి కొన్ని వారాలుండి వెనక్కి పోయింది. 1942 వేసవిలో హిట్లర్ సేనలు మైకోప్, గ్రోజ్నీ, బాకూ చమురు కోసమే దక్షిణానికి దిగాయి. మైకోప్ చిక్కింది గానీ, సోవియట్లు బావుల్ని ముందే పాడుచేసి పోయారు. బాకూ దాకా జర్మన్లు రానేలేదు.

జొరాస్టర్ ఓడకి ఇంకో జన్మ కూడా ఉంది. 1949లో సోవియట్లు తీరానికి దూరంగా, కాస్పియన్ నడిమధ్యలో చమురు కనిపెట్టారు. అక్కడ నిలబడటానికి నేల లేదు. పాత ఓడల్ని తీసుకెళ్లి ముంచి, వాటినే పునాదిగా చేసుకున్నారు. అలా మునిగిన ఏడింటిలో జొరాస్టర్ ఒకటి. ఆ పునాది చుట్టూ ఇనుప స్తంభాల మీద వంతెన రోడ్లు, మేడలు, బేకరీ, పార్కుతో ఒక ఊరే లేచింది. పేరు నెఫ్త్ దాష్లారీ. ఇప్పుడు సగం తుప్పు పట్టింది గానీ పని ఇంకా నడుస్తూనే ఉంది.

బాకూలో హిందూ గుడి ఉందంటారు, నిజమేనా?

ఉంది. బాకూ పక్కనే సురఖానీలో ఆతిష్‌గాహ్ అనే అగ్ని ఆలయం. నేలలోంచి సహజవాయువు ఉబికి వచ్చి దానంతటదే మండే చోట కట్టారు. మధ్యలో నాలుగు స్తంభాల మండపం, చుట్టూ ఐదు పలకల ప్రాకారం, ప్రాకారంలో సాధువులు, యాత్రికులు ఉండే చిన్న చిన్న గదులు. గుమ్మాల మీద సంస్కృత, పంజాబీ శాసనాలు కనిపిస్తాయి, కొన్ని వినాయకుడికి నమస్కారంతో మొదలవుతాయి. ఉత్తర భారతం నుంచి వెళ్లిన వర్తకులు 18వ శతాబ్దంలో వేయించినవి. చుట్టుపక్కల గ్యాస్ తోడేసరికి 1969లో ఆ మంట ఆరిపోయింది. ఇప్పుడు వెలుగుతున్నది గొట్టంలో తెచ్చిన గ్యాస్. దేవుడికైనా పైప్‌లైన్ తప్పని చోటు అది!

కాస్పియన్ సముద్రమా, సరస్సా? దాని గురించి పాతికేళ్లు ఎందుకు వాదించుకున్నారు?

సముద్రమైతే ఎవరి తీరం ఎంత పొడవుందో దాన్ని బట్టి అడుగు నేలని పంచుకోవాలి. సరస్సయితే ఐదుగురూ సమానంగా పంచుకోవడమో, ఉమ్మడిగా వాడుకోవడమో చేయాలి. తీరం లెక్కన ఇరాన్‌కి 13 శాతం చుట్టుపక్కల వస్తుంది, సమానంగా పంచితే 20. ఇరాన్ ఏ వైపు వాదించిందో వేరే చెప్పక్కర్లేదు. 2001 జులైలో బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ కోసం సర్వే చేస్తున్న అజర్‌బైజాన్ ఓడల్ని ఇరాన్ యుద్ధనౌక బెదిరించి వెళ్లగొట్టింది. అజర్‌బైజాన్ అలోవ్ అనీ ఇరాన్ అల్బోర్జ్ అనీ పిలుచుకునే ఆ క్షేత్రం మీద ఏళ్ల తరబడి ఎవరూ చెయ్యి వేయలేదు.

చివరికి 2018 ఆగస్టు 12న కజకిస్థాన్‌లోని అక్తావ్‌లో ఐదుగురూ ఒప్పందం మీద సంతకం చేశారు. సముద్రమూ కాదు, సరస్సూ కాదు, ప్రత్యేకమైనది అని తేల్చారు. కర్ర విరగలేదు, పాము చావలేదు. అందులో రెండు అంశాలు ముఖ్యం. ఒకటి, తీర దేశాలవి తప్ప ఇంకెవరి సైన్యమూ అక్కడ ఉండకూడదు. ఇది రష్యా, ఇరాన్‌లు కోరుకున్నది. రెండు, అడుగున పైప్‌లైన్ వేసుకోవాలంటే అది ఎవరి భాగంలోంచి పోతుందో వాళ్లు ఒప్పుకుంటే చాలు. ఇది మిగతావాళ్లు కోరుకున్నది. దక్షిణాన అడుగు నేల హద్దులు మాత్రం గీయలేదు. ఇరాన్ పార్లమెంటు ఒప్పందాన్ని ఆమోదించలేదు కూడా.

సైన్యం షరతు ఊరికే పెట్టింది కాదు. 2015 అక్టోబర్ 7న రష్యా తన కాస్పియన్ నౌకల మీంచి 26 క్రూయిజ్ క్షిపణుల్ని ఇరాన్, ఇరాక్‌ల మీదుగా సిరియాకి విసిరింది. నాటో ఓడ ఒక్కటి కూడా అడుగుపెట్టలేని నీళ్లు రష్యాకి ఎందుకంత ఇష్టమో ఆ రోజు అందరికీ అర్థమైంది.

బాకూ నుంచి టర్కీకి అంత మెలికలు తిరిగే పైప్‌లైన్ ఎందుకు వేశారు?

మ్యాప్ ముందేసుకుని చూడండి. బాకూ నుంచి మధ్యధరా సముద్రానికి దగ్గర దారి ఆర్మీనియా మీదుగా. కారబాఖ్ ప్రాంతం కోసం ఆర్మీనియా, అజర్‌బైజాన్‌ల మధ్య జరిగిన యుద్ధం వల్ల అది కుదరదు. ఉత్తరాన రష్యా, వద్దనుకున్నది దాన్నే. దక్షిణాన ఇరాన్, అమెరికా ఒప్పుకోదు. మిగిలింది జార్జియా. అలా బాకూ–టిబిలిసి–జెయ్‌హాన్, అంటే బీటీసీ లైన్ 1,768 కిలోమీటర్లు తిరిగి మధ్యధరాకి చేరింది. అందులో అజర్‌బైజాన్‌లో 443, జార్జియాలో 249, టర్కీలో 1,076. కొన్నిచోట్ల 2,800 మీటర్ల ఎత్తు కొండలెక్కుతుంది. రోజుకి పది లక్షల బ్యారెళ్లకు పైగా మోయగలదు. 2006లో జెయ్‌హాన్ రేవులో మొదటి ట్యాంకర్ నిండింది.

దీని వెనక ఉన్న బుర్ర అప్పటి అజర్‌బైజాన్ అధ్యక్షుడు హైదర్ అలియేవ్‌ది. ఒకప్పటి కేజీబీ (సోవియట్ గూఢచారి సంస్థ) అధికారి, సోవియట్ పొలిట్‌బ్యూరో సభ్యుడు. మాస్కో ఎలా ఆలోచిస్తుందో ఆయనకి కొట్టిన పిండి. 1994 సెప్టెంబర్ 20న ‘శతాబ్దపు ఒప్పందం’ పేరుతో అజెరీ–చిరాగ్–గునేష్లీ క్షేత్రాన్ని పదకొండు కంపెనీలకు పంచాడు. బీపీ, అమెరికన్, నార్వే, టర్కీ కంపెనీలతో పాటు రష్యా లుకాయిల్‌కీ పది శాతం ఇచ్చాడు. ఇరాన్‌కి ఐదు శాతం ఇద్దామనుకుంటే అమెరికా పడనివ్వలేదు. డబ్బు కోసం చేసుకున్న ఒప్పందంలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అది బీమా పాలసీ. ఇంతమంది పెద్దల సొమ్ము తన నేలలో ఉంటే, పొరుగువాడు చెయ్యి చేసుకునే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తాడు.

అయినా అన్నీ ఆపలేం. 2008 ఆగస్టులో టర్కీలోని ఎర్జింజాన్ దగ్గర ఈ లైన్ మీద పేలుడు జరిగింది. తామే చేశామని కుర్దు సాయుధ సంస్థ పీకేకే ప్రకటించుకుంది. రెండు మూడు రోజుల్లోనే రష్యా–జార్జియా యుద్ధం మొదలైంది. లైన్ యుద్ధంలో దెబ్బతినలేదు గానీ, ‘రష్యాకి దూరంగా వేశాం’ అన్న ధీమా మాత్రం దెబ్బతింది.

అందరికంటే దగ్గర దారి ఇరాన్ కదా?

దగ్గరిది, చవకైనది కూడా. కజక్ చమురుని ఉత్తర ఇరాన్ రిఫైనరీలకిచ్చి, అంతే చమురుని గల్ఫ్ రేవులో తీసుకునే ‘స్వాప్’ పద్ధతి నెకా రేవు ద్వారా కొన్నాళ్లు నడిచింది కూడా. 1996 నుంచి అమెరికా ఆంక్షలు దాన్ని ఎదగనివ్వలేదు. ఇంజినీర్లు గీసిన దారిని రాజకీయం చెరిపేసింది.

కజకిస్థాన్ చమురు ఇప్పటికీ రష్యా మీదుగానే ఎందుకు పోతోంది?

దాని పెద్ద క్షేత్రం తెంగీజ్. 1993లోనే అమెరికా చమురు కంపెనీ షెవ్రాన్‌తో ఒప్పందమైంది. ఇప్పుడు షెవ్రాన్‌కి 50 శాతం, ఎక్సాన్‌మొబిల్‌కి 25, కజక్ ప్రభుత్వ కంపెనీకి 20, లుకాయిల్‌కి 5. అక్కడి నుంచి రష్యాలోని నల్ల సముద్రపు రేవు నోవొరోసీస్క్‌కి 1,511 కిలోమీటర్ల సీపీసీ (కాస్పియన్ పైప్‌లైన్ కన్సార్షియం) పైప్‌లైన్ 2001లో మొదలైంది. కజక్ చమురు ఎగుమతుల్లో దాదాపు 80 శాతం ఇందులోంచే పోతుంది. రష్యా, అమెరికా కంపెనీలు, కజక్ ప్రభుత్వం అంతా కలిసి వాటాదారులు. శత్రువులు పక్కపక్కన కూర్చుని లాభాలు పంచుకునే బోర్డు మీటింగ్ అది.

2022లో ఏం జరిగిందో వరసగా చూస్తే విషయం తెలుస్తుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన నెలకి, మార్చిలో, తుపాను వల్ల చమురు నింపే తేలే బోయాలు దెబ్బతిన్నాయని లోడింగ్ ఆగింది. జూన్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబులు నీటి అడుగున దొరికాయని మళ్లీ ఆటంకం. జులై 4న కజక్ అధ్యక్షుడు తొకాయెవ్ యూరప్‌కి ఇంధనం విషయంలో సాయం చేస్తామన్నారు. మరుసటి రోజే రష్యా కోర్టు ఒకటి, చమురు ఒలికితే ఏం చేయాలన్న కాగితాలు సరిగా లేవని పైప్‌లైన్‌ని 30 రోజులు ఆపమంది. వారం తిరగకముందే పైకోర్టు ఆ ఉత్తర్వు తీసేసి 2 లక్షల రూబుళ్ల జరిమానాతో సరిపెట్టింది. మూడూ కాకతాళీయమేనని నమ్మేవాళ్లు నమ్మొచ్చు.

2025లో టెన్షన్ రెండో వైపు నుంచి వచ్చింది. ఫిబ్రవరిలో క్రొపొత్కిన్‌స్కయా పంపింగ్ స్టేషన్ మీద, నవంబర్ చివర్లో నోవొరోసీస్క్ దగ్గరి ఒక బోయా మీద ఉక్రెయిన్ డ్రోన్లు పడ్డాయి. రష్యాని కొడదామంటే దెబ్బ తగిలింది కజకిస్థాన్‌కి, అమెరికన్ కంపెనీలకి.

అందుకే కజకిస్థాన్ కొంత చమురుని ట్యాంకర్లలో కాస్పియన్ దాటించి బీటీసీ ద్వారా పంపుతోంది, కొంత చైనాకి పంపుతోంది. కానీ ఆ 80 శాతం భారాన్ని మోసే దారి ఇంకోటి ఇప్పటికి లేదు.

చైనా ఎలా ముందుకొచ్చింది?

గొడవ పడకుండా, చెక్కు పుస్తకం పట్టుకుని.

తుర్క్‌మెనిస్థాన్ గ్యాస్ నిల్వల్లో ప్రపంచంలో నాలుగో స్థానంలో ఉంటుంది. దాని గల్కినిష్ ప్రపంచంలోని అతిపెద్ద గ్యాస్ క్షేత్రాల్లో ఒకటి. చాలాకాలం ఆ గ్యాస్‌కి ప్రధాన గిరాకీ రష్యా గాజ్‌ప్రోమ్. చవగ్గా కొని, తన గ్యాస్‌ని యూరప్‌కి ఖరీదుగా అమ్ముకునేది. 2009 నుంచి మంచి ధర ఇస్తానని మాటిచ్చింది. ఈలోగా ప్రపంచ మాంద్యం వచ్చి యూరప్‌లో గిరాకీ పడిపోయింది. 2009 ఏప్రిల్‌లో రష్యాకి పోయే లైన్ పేలిపోయింది. గాజ్‌ప్రోమ్ సరిగా చెప్పకుండా ఒక్కసారిగా తీసుకోవడం తగ్గించేసిందని, అందుకే ఒత్తిడి పెరిగి పేలిందని తుర్క్‌మెన్ ప్రభుత్వం మండిపడింది. నెలల తరబడి అమ్మకాలు ఆగిపోయాయి.

అదే ఏడాది డిసెంబర్ 14న చైనా అధ్యక్షుడు హు జింటావో స్వయంగా వచ్చి, తుర్క్‌మెన్, ఉజ్బెక్, కజక్ నేతలతో కలిసి చైనాకి పోయే గ్యాస్ లైన్ వాల్వు తిప్పారు. ఇప్పుడు మూడు సమాంతర లైన్లు, ఏడాదికి 5,500 కోట్ల ఘనపు మీటర్ల సామర్థ్యం. క్షేత్రాల అభివృద్ధికి అప్పులిచ్చింది చైనాయే, అప్పు తీర్చింది గ్యాస్‌తో. రష్యా చెర వదిలిందనుకునేలోపు తుర్క్‌మెనిస్థాన్‌కి చైనా ఒక్కటే పెద్ద కొనుగోలుదారుగా మిగిలింది. ఒక్క గిరాకీ ఉన్నవాడు ధర అడగలేడు. నాలుగోదైన ‘డి’ లైన్ ఏళ్లుగా కాగితాల మీదే నానుతోంది.

యూరప్ సంగతేంటి?

అజర్‌బైజాన్ గ్యాస్ జార్జియా, టర్కీ, గ్రీస్, అల్బేనియా మీదుగా 2020 చివరి నుంచి ఇటలీకి చేరుతోంది. 2027కల్లా దాన్ని ఏడాదికి 2,000 కోట్ల ఘనపు మీటర్లకు పెంచుకుందామని 2022 జులైలో యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ బాకూ వెళ్లి సంతకం చేసొచ్చారు. ప్రజాస్వామ్యం లేదని రష్యాని వద్దనుకుని, తండ్రి తర్వాత కొడుకు ఏలుతున్న దేశం దగ్గర కొనడమేంటని అడిగినవాళ్లు ఉన్నారు. జవాబు గ్యాస్ బిల్లులోనే ఉంది.

తుర్క్‌మెన్ గ్యాస్ కూడా కలిస్తే బాగుండునని యూరప్ ముప్పై ఏళ్లుగా అంటోంది. కాస్పియన్ అడుగున 300 కిలోమీటర్ల లైన్ వేస్తే చాలు. ఇరవై ఏళ్ల పాటు తీసుకుంటామని రాసిచ్చే కొనుగోలుదారే కరువు. పైగా తామే గ్యాస్ వాడకం తగ్గించుకుంటున్నామని చెప్పేవాడిని నమ్మి ఎవరు డబ్బు పెడతారు?

అక్కడి మామూలు జనానికి ఈ డబ్బు దక్కుతోందా?

బాకూలో మెరిసే టవర్లు, కజకిస్థాన్ రాజధాని అస్తానాలో గాజు భవనాలు కనిపిస్తాయి. చమురు తీసే ఊరు ఝనావొజెన్ వెళ్తే వేరే కథ. పశ్చిమ కజకిస్థాన్‌లోని ఈ ఊళ్లో 2011లో జీతాల కోసం కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు. డిసెంబర్ 16న, దేశ స్వాతంత్ర్య దినం రోజున, పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా చనిపోయారు.

2022 జనవరిలో మళ్లీ అదే ఊరు. కార్లకు వాడే ఎల్‌పీజీ ధర లీటరు 60 టెంగేల నుంచి ఒక్కసారిగా 120కి పోయింది. తమ కాళ్ల కింద గ్యాస్ తీసి ప్రపంచానికి అమ్ముతూ తమకే ధర రెట్టింపు చేస్తే ఒళ్లు మండదా? నిరసన దేశంలోని పెద్ద నగరం ఆల్మాటీ దాకా పాకి హింసగా మారింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 200 మందికి పైగా పోయారు. రష్యా నాయకత్వంలో సైనికులు వచ్చి కొద్ది రోజులుండి వెళ్లారు. తెంగీజ్ చమురు ఆగకూడదన్న విషయంలో మాత్రం మాస్కో, వాషింగ్టన్, బీజింగ్‌ల మధ్య ఏ విభేదమూ కనిపించలేదు.

ఈ ఆటలో మనదేశం ఎక్కడుంది?

అంచున. ప్రయత్నం చేయలేదని కాదు.

2005లో పెట్రోకజకిస్థాన్ అనే కంపెనీ అమ్మకానికొస్తే ఓఎన్‌జీసీ, మిట్టల్ కలిసి వేలం పాడాయి. చైనా ప్రభుత్వ చమురు కంపెనీ సీఎన్‌పీసీ 418 కోట్ల డాలర్లకి ఎగరేసుకుపోయింది. 2012 నవంబర్‌లో కషగాన్ అనే భారీ క్షేత్రంలో అమెరికా కంపెనీ కొనోకోఫిలిప్స్‌కి ఉన్న 8.4 శాతం వాటా కొనడానికి ఓఎన్‌జీసీ విదేశ్ దాదాపు 500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2013 జులైలో కజక్ ప్రభుత్వం ‘ముందు కొనే హక్కు మాది’ అంటూ ఆ వాటా తీసుకుంది. సెప్టెంబర్‌లో దాదాపు అంతే వాటాని చైనాకి అమ్మింది. షీ జిన్‌పింగ్ అస్తానా వచ్చి, నజర్‌బాయెవ్ విశ్వవిద్యాలయంలో కొత్త సిల్క్ రోడ్ (పట్టు దారి) పథకాన్ని ప్రకటించింది ఆ పర్యటనలోనే. నోటి దాకా వచ్చిన ముద్ద అలా పోయింది.

పోనీ ఆ ముద్ద రుచిగా ఉందా అంటే అదీ లేదు. కషగాన్ చమురులో ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ. 2013 సెప్టెంబర్‌లో ఉత్పత్తి మొదలైన కొద్ది వారాలకే ఆ వాయువు తిని గొట్టాలు పగుళ్లిచ్చాయి. మొత్తం లైన్లు మార్చి 2016లో గానీ మళ్లీ మొదలుపెట్టలేకపోయారు. 2015 జులైలో ప్రధాని మోదీ అస్తానాలో ప్రారంభించిన సత్పాయెవ్ బ్లాకులో ఓఎన్‌జీసీ విదేశ్‌కి 25 శాతం ఉండేది, అక్కడ ఆశించిన చమురు దొరకలేదు.

దక్కింది అజర్‌బైజాన్‌లో. 2013లో హెస్ కంపెనీ నుంచి అజెరీ–చిరాగ్–గునేష్లీలో 2.72 శాతం, బీటీసీ పైప్‌లైన్‌లో 2.36 శాతం కొన్నారు. 2024లో నార్వే కంపెనీ ఈక్వినార్ నుంచి ఇంకొంచెం కలుపుకున్నారు. చిన్న వాటా. 2025 మేలో అజర్‌బైజాన్ పాకిస్థాన్ వైపు మాట్లాడిందని మనవాళ్లు బాకూ టూర్లు రద్దు చేసుకున్నారు గుర్తుందా? ఆ రోజుల్లో కూడా బాకూ చమురులో మన ప్రభుత్వ కంపెనీ వాటా అలాగే ఉంది.

తాపీ పైప్‌లైన్ ఎప్పటికైనా వస్తుందా?

తుర్క్‌మెనిస్థాన్ నుంచి అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ మీదుగా పంజాబ్‌లోని ఫాజిల్కాకి, 1,800 కిలోమీటర్ల పైచిలుకు. 1990ల్లో అమెరికా కంపెనీ యునోకాల్ ఇలాంటి లైన్ కోసమే తాలిబాన్ ప్రతినిధుల్ని టెక్సాస్ పిలిచి మర్యాద చేసింది. 1998లో ఆఫ్రికాలోని అమెరికా ఎంబసీల మీద బాంబు దాడులయ్యాక తప్పుకుంది. 2015 డిసెంబర్‌లో తుర్క్‌మెనిస్థాన్‌లోని మరి అనే ఊళ్లో శంకుస్థాపన జరిగితే మన ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ వెళ్లారు. మన ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్‌కి 5 శాతం వాటా. 2024 సెప్టెంబర్‌లో హెరాత్ వైపు పని మొదలైంది. హెరాత్ దాకా గ్యాస్ రావచ్చు. పాకిస్థాన్ చేతిలో వాల్వు ఉండే లైన్ మీద మనం ఆధారపడతామా అన్నది వేరే ప్రశ్న. నన్నడిగితే, ఫాజిల్కాలో దీని కోసం భూములు కొనొద్దు.

తెలుగు రాష్ట్రాలకి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

చమురు కన్నా యురేనియంతో ఎక్కువ. ప్రపంచంలో తవ్వే యురేనియంలో దాదాపు 40 శాతం కజకిస్థాన్‌దే. 2015లో మనకి ఐదేళ్లలో 5,000 టన్నులు ఇవ్వడానికి ఒప్పందమైంది. అలా వచ్చిన యురేనియం ముడిసరుకు ఇంధనంగా మారేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. ఇక్కడా పెద్దల పోటీ ఉంది. 2024 అక్టోబర్‌లో కజకిస్థాన్ రెఫరెండం పెట్టి అణు విద్యుత్ కేంద్రానికి ఊఁ అనిపించుకుంది. 2025 జూన్‌లో మొదటిది రష్యా ప్రభుత్వ అణు సంస్థ రొసాటమ్‌కి ఇచ్చింది, రెండోది చైనాకి అని చెప్పింది. ఎవరూ అలగకుండా.

ఇంకో లంకె ఆయుధాలది. చమురు డబ్బుతో అజర్‌బైజాన్ టర్కీ, ఇజ్రాయెల్‌ల నుంచి డ్రోన్లు కొని 2020లో ఆర్మీనియాని ఓడించింది. ఆ దెబ్బ తర్వాత ఆర్మీనియా కొన్న వాటిలో ఆకాశ్ క్షిపణులున్నాయి. వాటిని తయారుచేసే భారత్ డైనమిక్స్ హైదరాబాద్ కంపెనీ.

ఓఎన్‌జీసీకి అక్కడ వాటా ఉంది కాబట్టి మన పెట్రోల్ చవకవుతుందా?

అవ్వదు. ఆ చమురుని జెయ్‌హాన్‌లో అంతర్జాతీయ ధరకి అమ్ముతారు. లాభం కంపెనీ ఖాతాకి వస్తుంది, మీ బంక్‌కి రాదు. కానీ నోవొరోసీస్క్‌లో లోడింగ్ ఆగిందంటే ప్రపంచ ధర మీద ప్రభావం పడుతుంది, అది మాత్రం మీ బంక్ దాకా వస్తుంది.

ఇకముందు వార్తల్లో వేటిని గమనించాలి?

మూడు విషయాలు. మొదటిది, 2025 ఆగస్టు 8న వాషింగ్టన్‌లో అజర్‌బైజాన్, ఆర్మీనియా నేతలు ట్రంప్ సమక్షంలో ఒప్పుకున్న దారి. ఆర్మీనియా దక్షిణ కొస మీదుగా పోయే ఈ మార్గానికి ట్రంప్ పేరే పెట్టారు. ఇరాన్ సరిహద్దుని ఆనుకుని అమెరికా కంపెనీలు వచ్చి కూర్చుంటాయని టెహ్రాన్‌కి, తమ పెరట్లోకి వచ్చారని మాస్కోకి కడుపుమంట. అందులో రైలు, రోడ్డుతో పాటు పైప్‌లైన్ కూడా వేస్తారా అన్నది చూడాలి.

రెండోది, తెంగీజ్ ఒప్పందం 2033లో ముగుస్తుంది. పొడిగింపు బేరాల్లో షెవ్రాన్ ఎంత వదులుకుంటుంది, చైనా ఎంత అడుగుతుంది అన్నది తేలాల్సి ఉంది.

మూడోది నీళ్లు. కాస్పియన్‌కి వచ్చే నీటిలో 80 శాతం దాకా వోల్గాదే. 1990ల మధ్య నుంచి మట్టం పడిపోతూనే ఉంది. ఉత్తర భాగం అసలే లోతు తక్కువ, కషగాన్ ఉన్న చోట మూడు నాలుగు మీటర్లే. సరఫరా పడవలు తిరగడానికి ఇప్పటికే అడుగు మట్టి తవ్వి కాలువలు తీస్తున్నారు. అక్తావ్ రేవులో ట్యాంకర్లు పూర్తిగా నింపలేని పరిస్థితి వస్తే, రష్యాని తప్పించుకోవడానికి కజకిస్థాన్ వెతుక్కున్న బాకూ దారి కూడా ఇరుకవుతుంది.